ఆడపడుచు గీసిన గదులు

మేడ మీది ముందు గది,
కిటికీ పక్క కుర్చీ.

ఆడపడుచు దొరసానికి వదిన రాస్తున్నది,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ" అంటావు. అది ఔనో, కాదో, ఆవలింతో తేల్చుకోలేక చస్తున్నాను. ఉత్త "ఊఁ" ఒకటి కాగితం మీద రాసి స్టాంపు అంటించలేవు కదా, అందుకని ఈ దారి పట్టాను.

నా కాలికి సిమెంటు కట్టు పడింది. స్కూటర్ మీద నుంచి పడ్డ సంగతి మీ అన్నయ్య నీకు చెప్పే ఉంటాడు. వాన నీళ్ళు నిలిచిన రోడ్డులో గొయ్యి కనబడలేదు, అంతే. ఆయనకు మోచెయ్యి గీరుకుపోయింది, నాకు చీలమండ విరిగింది. ఇన్నేళ్ళుగా చెప్పుల షాపులో ఊరందరి కాళ్ళ దగ్గరా కూర్చుని "ఇది పట్టేస్తుందండీ, అది కరుస్తుందండీ" అన్నదాన్ని. ఇప్పుడు నా కాలికే ఏ చెప్పూ ఎక్కదు. డాక్టరు మెట్లు దిగొద్దన్నాడు. దిగితే మళ్ళీ ఎక్కించడానికి మీ అన్నయ్య కూడా లేడు. ప్రెస్ వాళ్ళు కొత్త అచ్చు యంత్రం మీద ట్రైనింగ్ అని వేరే ఊరు పంపారట. నెల పైనే పడుతుందని చెప్పి వెళ్ళాడు. పక్క వాటా టీచరమ్మ పుణ్యాత్మురాలు, రెండు పూటలా ఇంత వండి పెట్టి పోతోంది.

మొదట్లో నేను గోడ వంక చూస్తూ కూర్చున్నాను. కొన్నాళ్ళకు గోడ నా వంక చూడటం మొదలెట్టింది. అప్పుడు టాబ్లెట్‌లో నువ్వు బొమ్మలు వేసిన ఆట గుర్తొచ్చింది. అదేనే, గడియారాల మేస్త్రీ ఒకడు ఇంట్లోంచి మాయమైపోతే ఆయన కూతురు గదిగదికీ వెళ్ళి వెతికేది. గది నిండా సంతలా సామాను, కింద ఒక జాబితా. కత్తెర, గవ్వ, గంట, దువ్వెన. కనబడినదాన్ని వేలితో తాకితే టింగుమని మాయం. ఇంత చిన్న టింగులో అంత సుఖం ఎలా పెట్టారే!

అయితే నీకు చీవాట్లు కూడా ఉన్నాయి. గంట అంటే నేను గోడగడియారాన్ని పొడిచి పొడిచి వేలు నొప్పెట్టించుకున్నాను. తీరా చూస్తే మీ ఉద్దేశం బడిలో కొట్టే గంట. తోట బొమ్మలో దువ్వెన ఎక్కడ పెట్టావో ఆ దేవుడికే తెలియాలి. పొద్దుటి నుంచి గడ్డి పరక పరకా వెతికాను.

మేస్త్రీ ఎక్కడ దాక్కున్నాడో నీకు తెలుసు కదూ? చెప్పకు. నేనే కనుక్కుంటాను.

వదిన

*

ఆఫీసు,
మూడో బల్ల.

వదినమ్మకు,

నీ ఉత్తరం వస్తే ఆఫీసంతా నా చుట్టూ మూగింది. ఇక్కడెవరికీ కాగితం ఉత్తరం వచ్చి ఎరగదు. ఎవరో పోయారనుకున్నారు. చదివి నేను పడీపడీ నవ్వుతుంటే అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు.

దువ్వెన గడ్డిలో లేదు. కంచెలో ఉంది. కంచె కర్రల వరసలో దాని పళ్ళు కలిపేశాను. నీ కన్ను దాని మీదుగా ఎన్నోసార్లు వెళ్ళి ఉంటుంది. చీకట్లో తోసేస్తే అది దాచడం కాదు వదినా. "ఇది నాకు తెలుసులే" అని కన్ను దాటిపోయే చోట పెట్టాలి. దొరికాక ఆడేవాళ్ళు "అయ్యో, ఎదురుగానే ఉందే!" అని నెత్తిన కొట్టుకోవాలి గానీ, "ఇదెవడికి కనబడుతుంది!" అని నా నెత్తిన కొట్టాలనుకోకూడదు. ఈ రెంటికీ తేడా వెంట్రుకవాసి. నా ఉద్యోగమంతా ఆ వెంట్రుక మీదే నడుస్తోంది.

జాబితా రాసే ఆవిడ వేరే ఉంది. గంట సంగతి చెబితే నాలిక కరుచుకుంది. మా సార్ మాత్రం "మంచిదేగా, ఆవిడ అంతసేపు ఆడింది" అన్నాడు. ఆయన లెక్క అది. ఎంతసేపు ఆడారన్నదే చూస్తాడు, ఎంతసేపు తిట్టుకున్నారన్నది చూడడు.

అన్నయ్య ట్రైనింగ్ బాగానే సాగుతోందనుకుంటాను. కాలు కింద దిండు పెట్టుకో.

నీ ఆడపడుచు

*

అదే గది,
అదే కుర్చీ.

ఏమే పిల్లా,

దువ్వెన దొరికింది. నెత్తిన కొట్టుకున్నాను, నాదే. ఆ మాట ఒప్పుకుంటాను.

మీ అన్నయ్య గురించి ఒక్క ముక్క రాశావు. "అనుకుంటాను" అట. సరే.

మూడు గదులు దాటాను. నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. కుర్చీలోంచి మంచం మీదికి, మంచం మీంచి కుర్చీలోకి, కర్రలు టకటకలాడించుకుంటూ తిరుగుతున్నాను. ఎముక అతుక్కునే చోట కట్టు లోపల దురద. గోక్కోవడానికి లేదు. అల్లిక సూది దూర్చబోతే టీచరమ్మ లాక్కుంది. ఆ దురద ఇప్పుడు ఒళ్ళంతా పాకినట్టుంది. ఈ ఆట పట్టుకుంటేనే కాస్త నెమ్మదిస్తుంది. ఎందుకా అని ఆలోచించాను. జాబితాలో రాసిన ప్రతి వస్తువూ ఆ గదిలో ఉండి తీరుతుంది. అది చిన్న మాటా! మన ఇళ్ళలో అలాంటి హామీ ఎవరిస్తారు చెప్పు?

అలాంటి హామీ ఇచ్చిన వాళ్ళు మరి మాట మీద ఉండొద్దూ? ఆటలో దొరికినవి వేసుకునే సంచిలో పదునైన కత్తి పెట్టుకుని తాడు కోద్దామంటే "దీనికి కత్తెర కావాలి" అంటుంది మీ ఆట. కత్తితో తాడు తెగదని ఏ ఊళ్ళో చెప్పారు? ఆ కత్తెర కోసం మళ్ళీ వెనక్కి, వంటింట్లోంచి తోటలోకి, తోటలోంచి అటక మీదికి. కుంటికాలితో నన్ను తిప్పినట్టే తిప్పుతోంది. రెండుసార్లు తప్పు చోట తాకితే తెర మసకేసి, కాసేపు చేతులు కట్టుకు కూర్చోమంటుంది. ఒకటో తరగతి పంతులమ్మ కూడా అంత శిక్ష వెయ్యదు.

నేలమాళిగ గదిలో ఒక మేకు ఉంది. నల్ల గోడ మీద నల్ల మేకు. దాన్ని నేను చూసి పట్టుకోలేదు, విసుగొచ్చి గోడంతా బాదితే దొరికింది. టింగుమన్నా సంతోషం కలగలేదు. బీరువా వెనక గొడుగు పిడి కాస్త కనబడుతుంటే అది దాచడం. నలుపు మీద నలుపు పూస్తే అది మోసం. దాచేవాళ్ళ మీద నాకు కోపం లేదు. మోసం చేసేవాళ్ళను మాత్రం ఊరుకోను. ఆ మాట మీ సార్‌కి చెప్పు. నువ్వూ ఒకసారి అనుకో.

వదిన

*

ఆఫీసు.

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేకు సంగతి సార్‌కి చదివి వినిపించాను కూడా. ఆ మేకును మొదట నేను వెలుతురు పడే చోటే గీశాను. "జనం తొందరగా కనుక్కుని వెళ్ళిపోతున్నారు, నల్లబరచు" అన్నాడాయన. నల్లబరిచాను. చెప్పింది చెయ్యడం తేలికని చేశాను.

కొత్త భాగం వస్తోంది. మేస్త్రీ పనిబల్ల ఉన్న గది. చాలా తొందర తొందరగా గీయాల్సి వచ్చింది. ఇంట్లో కూడా కూర్చుని గీశాను. ఇల్లంటే నీకు తెలుసుగా, ఒక గది, ఒక వంటిల్లు. ఈ మధ్య అదీ ఇరుకైపోయింది.

ఇంకేం రాయను, పని ఉంది. దురదకు కట్టు మీద నుంచి చేత్తో మెల్లగా తట్టు, తగ్గుతుందట.

నీ ఆడపడుచు

*

కిటికీ పక్క.

నీకు,

కొత్త భాగం ఆడాను. మేస్త్రీ పనిబల్ల చూశాను. చక్రాలు, స్క్రూలు, నూనె సీసా, భూతద్దం. జాబితాలో ఎనిమిది వస్తువులుంటే ఎనిమిదీ పట్టేశాను. తొమ్మిదోది కూడా దొరికింది. అది జాబితాలో లేదు. తాకితే టింగు అనలేదు.

చదువుకునే కళ్ళజోడు. ఎడమ కాడ దగ్గర నీలం దారం చుట్టి, చివర రెండు ముళ్ళు. ఆ కాడ విరిగితే దారం చుట్టింది నేను. ఒక ముడి జారిపోతోందని రెండోది వేసిందీ నేనే. లోకంలో అలాంటి కళ్ళజోడు ఒక్కటే ఉంది. అది ట్రైనింగ్‌లో ఉండాలి. నీ బల్ల మీదెందుకుందే?

ఇంకో సంగతి విను. ప్రెస్‌లో ఆయన పక్కన పనిచేసే పొట్టి బైండరు నేను నీకు మొదటి ఉత్తరం రాయకముందే ఇంటికొచ్చాడు. పళ్ళు పట్టుకొచ్చి, "ఎలా ఉందమ్మా ఆయనకి? ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టాడు కదా" అన్నాడు. "తగ్గుతోందండీ" అన్నాను. ఇంకేమనను? ట్రైనింగ్ లేదని నాకు అప్పుడే తెలుసు. ఎక్కడున్నాడో మాత్రం తెలియలేదు. రోజూ ఒకసారి ఫోన్ చేసి యంత్రం గురించి అబద్ధాలు చెబుతాడు. నేను వింటాను. ఎంత పెద్ద యంత్రమో, ఎన్ని రంగులో! నీ దగ్గరుంటే నువ్వే చెబుతావని ఎదురుచూశాను. నేను అడిగిందల్లా ఆట గురించే అనుకున్నావా?

నిన్ను నా చెల్లెలనుకున్నాను.

*

ఇంట్లో,
వంటింటి గుమ్మం మీద కూర్చుని.

వదినా,

ఔను. ఇక్కడే ఉన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే బ్యాగుతో గుమ్మంలో నిలబడ్డాడు. "నాలుగు రోజులుంటానే, మీ వదినకు చెప్పకు" అన్నాడు. నాలుగు రోజులే కదా అనుకున్నాను. అప్పట్నుంచీ వంటింట్లో చాప వేసుకుని పడుకున్నాడు. నా కుళాయి, కిటికీ గడియ, స్టూలు కాలు అన్నీ బాగుచేశాడు. ఇంక బాగుచెయ్యడానికేమీ మిగల్లేదని నిన్న నా గొడుగు ఊడదీసి మళ్ళీ బిగించాడు. నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "ఊఁ" అనేది అందుకే. పక్కనే కూర్చుని నా మొహం చూస్తుండేవాడు.

"వదిన నిన్నేమన్నా అందా?" అని అడిగాను.

"ఏమీ అనలేదే. అదే."

"అదే అంటే?"

చాప చుట్ట చుట్టి గోడకానించాడు. తర్వాత చెప్పాడు. "కర్ర నేల మీద టక్కుమన్నప్పుడల్లా నేను మళ్ళీ ఆ గోతిలో పడుతున్నాను. తను వెనక నుంచి 'నెమ్మది, నెమ్మది' అంటూనే ఉంది. నేను నవ్వాను. నవ్వుతుండగానే పడ్డాం. ఆసుపత్రిలో అందరికీ 'గొయ్యి కనబడలేదు, అంతే' అని చెబుతోంది. తను తిడితే ఉండేవాణ్ణే."

కళ్ళజోడు బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. ఎదురుగా ఉన్నదాన్ని గీసేయడం నాకలవాటు. కావాలని గీశానా, చెయ్యి జారిందా అంటే చెప్పలేను. పంపేముందు మళ్ళీ చూసుకున్నాను, అయినా చెరపలేదు. అంతవరకు నిజం.

నీ ఉత్తరం వాడి చేతికిచ్చాను. చదివి మొహం నల్లబడింది. "తోడబుట్టినదానివి, ఒక్క మాట దాచలేకపోయావా?" అన్నాడు.

"వస్తువులైతే దాస్తాను అన్నయ్యా. మనుషుల్ని దాచడం నా వల్ల కాదు. ఇంటికెళ్ళు."

బ్యాగు సర్దుకున్నాడు. ఇంటికేనా అంటే పలకలేదు. అది పొద్దున. ఇప్పుడు సాయంత్రం. ఫోన్ ఆపేశాడు. ఫోన్‌లో నీ గొంతు వినే ధైర్యం లేక ఇది రాస్తున్నాను. నీ దగ్గరికి వస్తే ఒక్క ముక్క చెప్పు. నన్ను తిట్టు, పరవాలేదు. ముందు అది చెప్పు.

నీ ఆడపడుచు

*

మేడ మీది గది.

ఆడపడుచుకి,

రాలేదు.

నీ ఉత్తరం చేరేటప్పటికే ఆయన ఫోన్లు ఆగి చాలా రోజులైంది. ప్రెస్‌కి ఫోన్ చేశాను. అక్కడికీ వెళ్ళలేదు. బైండరు పాపం సాయంత్రాలు బస్‌స్టాండు వైపు తిరిగొస్తున్నాడు. కోపం రావాల్సిన చోట గుబులు వచ్చి కూర్చుంది, కదలనంటోంది. ఆట తెరిచాను. జాబితా చదువుతాను, గరిట అని ఉంటుంది. గరిట ఎదురుగానే ఉంటుంది. చెయ్యి వెళ్ళదు. ఆ టింగు వింటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. టాబ్లెట్‌ను బీరువాలో పడేశాను.

"నెమ్మది" అన్నానట! బండి వెనక కూర్చున్న ఏ పెళ్ళాం అనదు? ఆ మాట విన్న మగవాళ్ళంతా నవ్వుతారు. దానికి పారిపోవాలంటే ఊళ్ళో ఒక్క కాపురం మిగలదు. నేను తిట్టకపోవడం కూడా తప్పే అయిందన్నమాట.

నువ్వు నన్ను మోసం చేశావు, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ చూసి కూడా చెరపలేదన్నావు చూడు, అది కూడా తీసేయలేకపోతున్నాను.

ఎల్లుండి కట్టు విప్పుతారు. అంబులెన్సు వాళ్ళు కుర్చీలో దింపుతారట. నీకేమైనా తెలిస్తే ఫోన్ చెయ్యి. ఈసారి "ఊఁ" అనకు.

వదిన

*

ఆఫీసు,
మూడో బల్ల.

వదినా,

ఫోన్‌లో చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను, చేతులు ఊరికే ఉండటం లేదు. సెలవు పెట్టి ఇక్కడి లాడ్జీలన్నీ తిరిగాను. ఫొటో చూపిస్తే ప్రతివాడూ "ఎక్కడో చూసినట్టుందండీ" అంటాడు. అన్నయ్య మొహమే అంత, ఎక్కడో చూసినట్టుంటుంది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో కూడా వీడు దొరికేవాడు కాదు. ఆకలేస్తే తనే వచ్చేవాడు. అదే ధైర్యం.

నిన్న మా సార్ బల్ల దగ్గరికొచ్చి, "మేకు తెల్లబడిందేం?" అన్నాడు. దీపం కిందికి జరిపానన్నాను. "ఎవరు చెప్పారు నీకు?" "మా వదిన." "మీ వదిన ఈ కంపెనీలో ఏం ఉద్యోగం?" "ఆడేవాళ్ళలో ఒకావిడండీ." కాసేపు నా వంక చూసి వెళ్ళిపోయాడు. ఉద్యోగం ఉంచుతాడో లేదో తెలియదు. ఇవాళ్టికైతే కుర్చీ ఉంది.

కట్టు విప్పాక కాలు సన్నబడి ఉంటుందట, భయపడకు.

నీ ఆడపడుచు

*

మేడ మీది గది.

నా ఆడపడుచుకి,

దొరికాడు. ముందు ఆ మాట చదువుకుని, నీళ్ళు తాగి, తర్వాత మిగతాది చదువు.

కాలు నిజంగానే సన్నబడింది. ఎవరిదో కాలు అరువిచ్చినట్టుంది. వ్యాయామం నేర్పే ఆవిడ వచ్చి మెట్లెక్కడం చూపించింది. నిలబడి కాదు, మెట్టు మీద కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ పైమెట్టు మీదికి. చిన్నపిల్లలెక్కినట్టు. సిగ్గేసి మెట్ల మీద ఎవరూ లేనప్పుడు చేస్తాలెమ్మన్నాను.

మా ఎదుటి వరసలో బట్టలుతికే షాపు ఉంది. గాజు తలుపు, లోపల తిరిగే మిషన్లు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి బెంచీ. నిన్న ఆ షాపావిడ దుప్పట్లు పట్టుకుని పైకొచ్చింది. వెళ్ళబోతూ ఆగింది.

"అమ్మా, ఒక మాట. టోపీ పెట్టుకుని ఒకాయన రోజూ సాయంత్రం మా బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఉతకడానికి ఒక్క చేతిరుమాలు కూడా తేడు. 'మేడ మీదావిడ కాలెలా ఉంది, కట్టు విప్పారా, నడుస్తోందా' అని మాత్రం అడుగుతాడు. నాకు అనుమానంగా ఉంది. పోలీసుల్ని పిలవమంటారా?"

కిటికీలోంచి చూశాను. ఆ టోపీని నేను వారమంతా చూస్తూనే ఉన్నాను. మీ అన్నయ్య పుట్టి బుద్ధెరిగి టోపీ పెట్టలేదు, అందుకని ఎవరో అనుకుని ఊరుకున్నాను.

"వద్దులెండి. మా ఇంటాయనే" అన్నాను. ఆవిడ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకోలేదు.

కర్రలు తీసుకుని దిగాను. ఎలా దిగానో అడగకు. రోడ్డు దాటాను. గాజు తలుపు తోసేసరికి చటుక్కున లేచి నిలబడ్డాడు. మనిషి గడ్డం పెరిగి సగమైపోయాడు.

"మెట్లు దిగావా? డాక్టరు దిగొద్దన్నాడు కదా!" అన్నాడు.

"మిమ్మల్ని ఎక్కొద్దన్నది ఏ డాక్టరు?"

తల వంచుకున్నాడు. వెనక వీధి లాడ్జీలో ఉంటున్నాడట. "నాలుగైదుసార్లు కింద గుమ్మం దాకా వచ్చాను. పైన కర్ర చప్పుడు వినబడేది. తిరిగిపోయేవాణ్ణి" అన్నాడు.

"ఆ చప్పుడు దేనికో తెలుసా? మంచినీళ్ళకి. గ్లాసు పట్టుకుని కర్ర పట్టుకోలేను, కర్ర పట్టుకుని గ్లాసు పట్టుకోలేను. చెంబు నేల మీద పెట్టి, రెండడుగులేసి, మళ్ళీ వంగి జరుపుకుంటూ వెళ్ళేదాన్ని. మీరుంటే సగం చప్పుడు తగ్గేది."

టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. భుజాలు కదులుతున్నాయి. షాపావిడ అటు తిరిగి మడతపెట్టిన చొక్కాలనే మళ్ళీ మడతపెట్టడం మొదలెట్టింది.

"తప్పు నాదే" అన్నాడు చివరికి.

"గొయ్యి సంగతి నేనడగలేదు. నన్ను వదిలేసి పోయిన సంగతి అడుగుతున్నాను."

టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. క్షమించేశానని రాస్తే నీకు హాయిగా ఉంటుందని తెలుసు. ఇంకా అంతదాకా రాలేదు. తిట్లు మాత్రం మొదలెట్టాను. ఆయన కోరిందేగా. బెంచీ మీద కూర్చుని, మిషను తిరిగినంతసేపూ తిట్టాను. ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. మధ్యలో ఒకసారి "నిజమే" అన్నాడు.

తర్వాత ఇంటికి బయల్దేరాం. రోడ్డు దాటించాడు. మెట్ల దగ్గర "ఎత్తుకోనా?" అన్నాడు. వద్దన్నాను. కిందిమెట్టు మీద వీధి వైపు తిరిగి కూర్చున్నాను, చేతులు ఆనించి వెనక్కి ఒక మెట్టు ఎక్కాను. ఆయన కర్రలు పట్టుకుని నిలబడి చూశాడు. ఏమనుకున్నాడో, తనూ నా పక్కన కూర్చున్నాడు. నేను జరిగితే తనూ జరిగాడు. అలా ఒక్కో మెట్టూ, బుద్ధున్న మనుషులెవరూ ఎక్కని విధంగా, వీధిని చూస్తూ ఇద్దరం వెనక్కెక్కుతున్నాం. నాకు చెయ్యి నొప్పెట్టినప్పుడు ఆగేవాళ్ళం.

అప్పుడే పై నుంచి టీచరమ్మ సంచి పట్టుకుని దిగుతూ మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"ఏమైనా పడిపోయిందా? వెతుకుతున్నారా?" అంది.

"లేదండీ, మీరు వెళ్ళండి" అన్నాను.

మీ అన్నయ్య గోడ వైపు ఒదిగి దారిచ్చాడు. ఆవిడ వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ దిగిపోయింది. మాకింకా సగం మెట్లు మిగిలే ఉన్నాయి.

వదిన